గాజును ఊదేవారు ఏ జాబితాలో?

హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్ దర్బారు మందిరంలోని 19 షాండిలియర్లు బెల్జియం పనితనం. మన దేశంలో గాజుపనికి పెట్టింది పేరు ఆగ్రా సమీపంలోని ఫిరోజాబాద్. నేడు కొత్త హోటళ్ళలో, సంపన్నుల ఇళ్ళ అలంకరణలో చేతితో చేసిన గాజుదీపం మళ్ళీ గౌరవ చిహ్నమైంది.

కానీ ఆ దీపం వెనుక మనిషి కనబడడు. వెయ్యి డిగ్రీలు దాటిన కొలిమి ఎదుట నిలిచి, కరిగిన గాజును ఇనుప గొట్టం కొనకు తీసుకుని, తన ఊపిరితో దానికి రూపమిచ్చేవారిలో ముస్లింలు ఎందరో ఉన్నారు. తాజ్‌మహల్ రక్షణ కోసం 1996లో సుప్రీంకోర్టు ఆ ప్రాంత పరిశ్రమలను బొగ్గు విడనాడమన్నది. తీర్పు సమంజసమే. అయితే కట్టడానికి దక్కిన శ్రద్ధ కార్మికునికి దక్కలేదు.

2023లో కేంద్రం ప్రారంభించిన పి.ఎం. విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. కమ్మరి, కుమ్మరి, కంసాలి ఉన్నారు. గాజు ఊదేవారు లేరు. కనుక సొంతంగా పనిచేసుకునే గాజు కళాకారులకు అందులోని శిక్షణ, పనిముట్ల సాయం, 5 శాతం వడ్డీకి 3 లక్షల వరకు రుణం అందవు. గుమాస్తాగా నేనెరిగిన సత్యమొకటే: జాబితాలో లేనివారి దరఖాస్తు బల్ల దాటదు.

గాజువృత్తిని ఆ జాబితాలో చేర్చాలని మన సంఘాలు, ప్రజాప్రతినిధులు కేంద్రాన్ని లిఖితపూర్వకంగా కోరాలి.