గాజుబీరువాలోని డ్రోను

మన పట్టణములలోని కొన్ని ప్రభుత్వ పాఠశాలలకు డ్రోనులు వచ్చినవి. సంతోషమే. కాని అవి ఎగురుచున్నవా? ఇటీవల మేమొక పాఠశాలకు పోయి యడిగితిమి. ప్రయోగశాల తాళపుచెవి ప్రధానోపాధ్యాయులవారి సొరుగులో నున్నది. బీరువాలో, గాజుతలుపు వెనుక, నాలుగు రెక్కల చిన్న యంత్రము దుమ్ము సోకకుండ కూర్చున్నది. అధికారులు తనిఖీకి వచ్చిన దినమున నొక ఉపాధ్యాయుడు దానిని పైకి లేపి దింపునట. పిల్లలు చప్పట్లు కొట్టుదురట. దీనికి విద్య యని పేరు! తోలుబొమ్మలాట చూచినవాడెల్ల బొమ్మలాడించువాడగునా?

2016లో అటల్ టింకరింగ్ ప్రయోగశాలలను ప్రారంభించినపుడు కేంద్ర ప్రభుత్వమువారు పాఠశాల కొక్కింటికి 20 లక్షల రూపాయల వరకు గ్రాంటు నిచ్చుటకు పూనుకొనిరి. ఆరవ తరగతి మొదలు పండ్రెండవ తరగతి వరకు గల పిల్లలు తమ చేతులతో చేసి నేర్చుకొనవలెననుట దాని యుద్దేశము. 2025 బడ్జెటులో, ఐదేండ్లలో ప్రభుత్వ పాఠశాలలందు 50,000 ప్రయోగశాలలు నెలకొల్పుదుమనిరి. ధనము ప్రజలది. కావున నడుగు హక్కు మనకు గలదు: 50,000 ప్రయోగశాలలా, 50,000 బీరువాలా?

యంత్రమును పిల్లల చేతికిచ్చిన నేమగునో చూడుడు. 2018లో వెలువడిన టెల్లో యను డ్రోను బరువు 80 గ్రాములు. ఒక బాలిక కంప్యూటరుపై "100 సెంటీమీటర్లు ముందుకు పొమ్ము, 90 డిగ్రీలు తిరుగుము" అని నాలుగు మారులు వ్రాయును. కాగితముపై నది చతురస్రము. గాలిలో కాదు! యంత్రము బయలుదేరిన చోటికి జానెడు దూరమున దిగును. ఏల? కిటికీ గాలి యొక కారణము కావచ్చును. నునుపు గచ్చు మరియొకటి; అడుగున నున్న కెమెరాతో నేలను చూచుచు తన స్థానము నెరుగు యంత్రమది, గుర్తులేని నేలపై తికమకపడును. రెక్కలలో రెండు సవ్యముగను రెండు అపసవ్యముగను తిరుగుననియు, ఆ జతల వేగములో తేడా కల్పించిననే యంత్రము మొగము త్రిప్పుననియు నామె యప్పుడు వెదకి తెలిసికొనును. ఈ శాస్త్రమంతయు పుస్తకమున లేకపోలేదు. అచ్చట దాని యవసరమే ఎవరికిని కలుగలేదు.

పగిలిపోవునే యందురు. పగులనిండు! విరిగిన రెక్కను మార్చుకొనవచ్చును. దెబ్బ తగులునందురు. రెక్కల చుట్టు కట్టు కంచెలున్నవి, తలుపులు మూసిన గది యున్నది. 250 గ్రాములకు మించని నానో డ్రోనును నడుపుటకు లైసెన్సే యక్కరలేదని 2021 డ్రోను నియమావళి చెప్పినది. చట్టమునకు లేని భయము బీరువాకేల? ఐనను ఉపాధ్యాయులనే నిందించుట న్యాయము కాదు. విరిగిన వస్తువునకు సంజాయిషీ యడుగువారు, ఏనాడును వాడని వస్తువునకు అడుగరు. అందువలన బుద్ధిమంతుడు తాళము వేసికొనును.

ఇక స్వదేశీ మాట. 2022 ఫిబ్రవరి 9వ తేదీన కేంద్ర ప్రభుత్వము, రక్షణ పరిశోధనాది యవసరములకు దక్క, విదేశీ డ్రోనుల దిగుమతిని నిషేధించినది, విడిభాగములను నిషేధింపలేదు. మంచిదే. కాని భాగములు తెప్పించి మరలు బిగించినంతనే స్వదేశీ యగునా? యంత్రమును నిలువబెట్టునది లోపలి ప్రోగ్రాము. అది ఎవరి బుద్ధి? స్వీడను దేశపు బిట్‌క్రేజ్ సంస్థ 27 గ్రాముల క్రేజీఫ్లై డ్రోనును చేసి, దాని ప్రోగ్రామును ఎల్లరు చదువుటకును మార్చుటకును బహిరంగముగ నుంచినది. చదువువారెవరు? 1910లో బందరున ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించినవారు చదువు ప్రక్కన చేతిపనిని కూర్చుండబెట్టిరి. వారీ గాజుబీరువాను చూచిన నేమందురో!

విద్యాధికారులను మేమడుగునది స్వల్పము. విరుగు రెక్కలకై ఏటేట కొంత సొమ్ము కేటాయించి, వానికి సంజాయిషీ యడుగుట మానుడు. శనివారము మధ్యాహ్నము తాళపుచెవి పిల్లల కిండు. బాలికలను వెనుక వరుసకు నెట్టకుడు. గచ్చు నునుపుగా నున్నదందురా, పాత పత్రికల పుటలు పరచి అంచులంటింపుడు. మా పత్రికయైనను సరియే. అక్షరములున్న నేలను ఆ యంత్రము చక్కగా గుర్తించును.