చచ్చిన కాలేజీ మనది కాదా?



ఎగ్మోరు పాంథియన్ రోడ్డులోని ప్రభుత్వ మ్యూజియానికి మద్రాసు సామాన్య జనం పెట్టుకున్న పేరు "సెత్త కాలేజి". అంటే చచ్చిన కాలేజీ. జూకి పెట్టిన పేరు "ఉయిర్ కాలేజి", బతికున్న కాలేజీ. 1855లో ఆ జూ కూడా ఈ మ్యూజియం ఆవరణలోనే మొదలైంది. ఈ పేర్లలో ఎగతాళి కొంత ఉండవచ్చు. కానీ అసలు కాలేజీ గేటు దాటే యోగం లేని జనం, ఇది మాత్రం మా కాలేజీ అని చెప్పుకున్నారు. ఆ హక్కు మనం వదులుకోకూడదని నా అభిప్రాయం.

మన సభ్యుల దగ్గర మ్యూజియం మాట ఎత్తితే మూడు జవాబులు వస్తాయి. అది చదువుకున్నవాళ్ళ వ్యవహారం, మనకేం అర్థమవుతుందని కొందరు అంటారు. వారమంతా మిషను దగ్గర నిలబడి సెలవునాడు కూడా నిలబడాలా అని మరికొందరు. దానివల్ల కడుపు నిండుతుందా అని ఇంకొందరు. మూడూ అడగదగ్గ ప్రశ్నలే.

మొదటిదానికి జవాబు నా అనుభవంలోంచే చెబుతాను. నేను పల్లెలో పెరిగి, బడి చదువుతో ఆగిపోయి, రింగ్ ఫ్రేముల మధ్య బతుకు గడిపినవాణ్ణి. చిన్నప్పుడు మ్యూజియం అనే మాటే వినలేదు. నలభై దాటాకే ఆ గడప తొక్కాను. తొక్కాక తెలిసింది, అక్కడ పల్లె చదువే ఎక్కువ అక్కరకు వస్తుందని. తామ్రపర్ణి ఒడ్డున ఆదిచ్చనల్లూరులో 1899 నుంచి జరిగిన తవ్వకాల్లో దొరికిన మట్టి బానలు, ఇనుప పనిముట్లు ఈ మ్యూజియంలో ఉన్నాయి. మన ఇళ్ళల్లో ధాన్యం పోసుకున్న బానల్లాంటి వాటిలోనే ఆ కాలపువాళ్ళు చనిపోయినవారిని పెట్టి పూడ్చారు. కుమ్మరి సారె తిరగడం, కమ్మరి కొలిమి రాజుకోవడం కళ్ళారా చూసినవాడికి, ఆ కుండ అంచు చూసినా, ఆ ఇనుప మొన చూసినా, చేసిన చెయ్యి ఎలా కదిలిందో తెలిసిపోతుంది. పలక మీది అక్షరాలు ఆ తర్వాత చదువుకోవచ్చు.

ఇక అమరావతి శిల్పాల సంగతి. కృష్ణ ఒడ్డున మన తెలుగు నేల మీద సుమారు రెండు వేల ఏళ్ళ కిందట కట్టిన స్తూపం తాలూకు సున్నపురాయి పలకలవి. ఊళ్ళో కొత్త కట్టడాలకు కొన్ని రాళ్ళు పోయాయి, కొన్ని సున్నానికి కాలిపోయాయి. 1797లో కోలిన్ మెకంజీ అనే తెల్లదొర వచ్చి చూశాడు, 1845లో వాల్టర్ ఇలియట్ అనే తెల్లదొర తవ్వించాడు. ఇలియట్ మద్రాసుకు పంపిన రాళ్ళు కొన్నేళ్ళు ఆరుబయటే పడి ఉన్నాయి. 1859లో 120కి పైగా పలకలు లండన్‌కు ఓడెక్కి పోయాయి. తర్వాతి తవ్వకాల్లో దొరికినవెన్నో ఎగ్మోరులో ఉన్నాయి.

వాటిలో ఒక గుండ్రటి పలక ఉంది. మదించిన నాళాగిరి ఏనుగు వీధిలో మనుషులను విసిరికొడుతోంది. మేడల మీద నుంచి జనం చూస్తున్నారు. అదే పలకలో అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లింది. తిరునాళ్ళలో ఎద్దు తాడు తెంచుకుంటే జనం ఎలా చెదిరిపోతారో చూసినవాడికి ఆ రాయి ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

ఇంకో సంగతి వింటే మనవాళ్ళు ఆశ్చర్యపోతారు. ఆ స్తూపాన్ని ఒక్క రాజు సొమ్ముతోనే కట్టలేదు. గృహస్థులు, వర్తకులు, భిక్షుణులు తలా ఒక పలకో స్తంభమో ఇచ్చి పేరు చెక్కించారు. పూర్ణఘటం చెక్కిన ఒక పలక ఇచ్చినవాడు విధికుడనే చర్మకారుడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్ళతో కలిసి ఇచ్చానని రాయించాడు. మన చందా రసీదు పుస్తకంలాంటిదే ఇదీ. అయితే ఉలి పట్టి చెక్కినవాళ్ళ పేర్లు మాత్రం మనకు దక్కలేదు. మనం వడికిన నూలుతో తయారైన చొక్కా మెడపట్టీ మీద ఎవరి పేరుంటుందో మనకు తెలుసు కదా! ఆ పేరు లేని పనివాళ్ళను చూడ్డానికి మనం కాక ఇంకెవరు పోవాలి?

రెండో ప్రశ్న, అలసట. అంతా ఒక్కరోజులో చూడాలనుకుంటే ఎవరికైనా కాళ్ళు పీకుతాయి. ఒకరోజు ఒక్క గది చాలు. నాలుగు వస్తువులు తీరిగ్గా చూసి, చెట్టు కింద సద్ది తిని ఇంటికి రండి. అంబత్తూరులో లోకల్ రైలెక్కి సెంట్రల్‌లో దిగి, ఎదురుగా పార్కు స్టేషనులో బండి మారితే తర్వాతి స్టేషనే ఎగ్మోరు. మ్యూజియానికి శుక్రవారం సెలవు, ఆదివారం తెరిచే ఉంటుంది.

కడుపు సంగతికి వస్తే, జీతం కోసం పోరాటం ఎలాగూ ఆగదు. మ్యూజియం దానికి బదులు కాదు. కానీ వారపు సెలవు కూడా జీతంలాగే పోరాడి తెచ్చుకున్నది. 1918 ఏప్రిల్ 27న పెరంబూరు బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లుల కార్మికులతో మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది. వారానికి 48 గంటల పని, ఒకరోజు సెలవు అని 1948 ఫ్యాక్టరీల చట్టంలో రాసేదాకా దేశమంతటా కార్మికులు ఎన్ని సమ్మెలు చేశారో! ఆ సెలవును ఈరోజు ఓవర్‌టైంకి మనమే అమ్ముకుంటున్నాం. అప్పుల వల్ల అమ్ముకునేవాళ్ళను నేను తప్పుపట్టను. కానీ అలవాటుగా అమ్ముకుంటే, కార్మికుడంటే రెండు చేతులే, కళ్ళూ బుర్రా అతనికెందుకు అనుకునే యాజమాన్యాల మాటను మనమే నిజం చేసినట్టవుతుంది. మన పిల్లలు పల్లె చూడలేదు, బాన చూడలేదు, రాట్నం చూడలేదు. మనం పక్కన నిలబడి చెప్పకపోతే వాళ్ళకు చెప్పేవాళ్ళు లేరు.

పెరంబూరు మిల్లు 1996లో మూతపడింది. దాచాలని ఎవరైనా అనుకున్న వస్తువే మ్యూజియంకి చేరుతుంది. మన వస్తువులు దాచాలని ముందుగా మనకు తోచాలి కదా!

అందుకే రెండు సూచనలు. మూడు నెలలకొకసారి ఒక ఆదివారం కుటుంబాలతో కలిసి మ్యూజియానికి పోదాం. తమిళం బాగా చదివేవారు ఒకరు తోడుండాలి. రెండోది, యూనియన్ ఆఫీసులో ఒక అద్దాల బీరువా పెడదాం. పాత కదురు, కండె, టోకెను, జీతం చీటీ, సమ్మె కరపత్రం ఎవరి దగ్గరున్నా తెచ్చి, వాడిన మనిషి పేరుతో సహా అందులో ఉంచుదాం. ఈ రెండింటినీ వచ్చే సర్వసభ్య సమావేశంలో చర్చకు పెడుతున్నాను. ఒప్పుకోనివారు కూడా వచ్చి తమ మాట చెప్పాలని కోరుతున్నాను.

— కార్యదర్శి, అంబత్తూరు