పోరంబోకు ఎవరి సొత్తు?

మింజూరు చుట్టుప్రక్కల చెరువుగట్లను, కాలువలను, పాత బండిబాటలను కాపాడుటకై కొందరు యువకులు సెలవు దినములలో పార పట్టి పనిచేయుచున్నారు. కంప నరుకుచున్నారు, గట్లపై తాటిటెంకలు పాతుచున్నారు, ఆక్రమణలపై అర్జీలు పెట్టుచున్నారు. వారిలో మన తెలుగు కుటుంబములవారు మిక్కిలి తక్కువ. ఏలనని అడిగినచో, "అది ఊరివారి పని, మన సంఘమునకు భాష చాలును" అని పెద్దలు సెలవిచ్చుచున్నారు. ఈ మాటను మేము ఒప్పుకొనము.

మనము ఊరివారము కామా? 1960 ఏప్రిల్ 1వ తేదీన సరిహద్దు మారి సత్యవేడు అటు, తిరుత్తణి ఇటు చేరినవి గాని మన ఇండ్లు కదలలేదు. ఆరణి నదియు కదలలేదు. ఆంధ్రదేశపు కొండలలో పుట్టి, పొన్నేరి ప్రక్కగా పారి, పులికాటు సరస్సున కలియుచునే యున్నది. పోరంబోకు అను మాట తెలుగా, తమిళమా? రెండును. అడంగలు అట్టిదే. త్రోవలు, కాలువలు, చెరువులు ఏ ఒక్కరి సొత్తును కావని చెప్పిన 1905 నాటి మదరాసు భూ ఆక్రమణ చట్టము రెండు రాష్ట్రములకును వారసత్వముగా వచ్చినది. గ్రామపు ఉమ్మడి భూములలోని ఆక్రమణలను తొలగింపవలెనని 2011లో జగ్‌పాల్ సింగ్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రములను ఆదేశించినది. అందరిదియైన భూమి పేరు ఇరుభాషలలోను తిట్టుగా మారుట మన కాలపు వింత. 2017లో ఎన్నూరు కయ్య కొరకు టి.ఎం.కృష్ణ పాడిన పాట ఆ తిట్టునే గౌరవముగా నిలబెట్టినది.

చెరువు పోయిన ఏమగునో మింజూరువారికి వేరుగా చెప్పవలెనా? మన భూగర్భజలమును దశాబ్దముల తరబడి చెన్నై నగరమునకును పరిశ్రమలకును తోడిరి. తీపినీటి ఒత్తిడి తగ్గినకొలది సముద్రపు ఉప్పు భూమిలోపల మైళ్ళకొలది ముందుకు వచ్చినది. చెరువులలో నిలిచి ఇంకిన వాననీరే దానిని వెనుకకు నెట్టగలది. 2010లో కాట్టుపల్లియందు దినమునకు 10 కోట్ల లీటరుల సముద్రజలమును మంచినీరుగా మార్చు కర్మాగారము వెలసి, దానికి మింజూరు పేరు పెట్టబడినది. మన బావులు మాత్రము తీపెక్కలేదు.

ఇక భాష మాట. మన ఇండ్ల పెట్టెలలో తాతలనాటి తెలుగు దస్తావేజులు కలవు. వానిలో చతుస్సీమలు వ్రాయబడియున్నవి: తూర్పున బండిబాట, దక్షిణమున చెరువు కాలువ, పడమట శ్మశానమునకు పోవు దారి. "ఇచ్చట దారి యెన్నడును లేదు" అని ఆక్రమణదారుడు వాదించునపుడు ఆ యువకులకు కావలసినది ఈ కాగితమే. దానిని చదువగలవారు ఊరిలో ఎందరు? 2006 నాటి తమిళ అభ్యసన చట్టము పిమ్మట మన పిల్లలలో ఎందరు తెలుగు చదువగలరు? భాష కొరకు సభలు చేయుదుము, తీర్మానములు చేయుదుము. ఆ భాష ఊరికి ఉపయోగపడు ఘడియలో పెట్టె తాళము తీయము. తీయకుండుటకు వేరొక కారణము కూడ కొన్ని యిండ్లలో కలదు. ప్లాట్లు వేసినపుడు ఆ బండిబాట ఎవరి గోడ లోపలికి పోయినదో వారికి తెలియును. ఈ పత్రికలో ఇట్టి మాట వ్రాయరాదందురు. వ్రాయక తప్పదు.

అసలు పత్రములను ఎవరును మాకు అప్పగింపనక్కరలేదు. ఎల్లలు వ్రాసిన పుటను మాత్రము తెచ్చి చూపినచో, నకలు తీసి, తమిళములోనికి మార్చి, అర్జీకి జతపరచుటకు ఇప్పింతుము. గోడ లోపల దారి ఉన్నవారును తేవచ్చును.