నలుగురు కలిస్తే ఐదో గొంతు!

ఎప్పుడూ పోట్లాడుకునే నలుగురు పెద్దమనుషుల్ని ఒక్కటి చేయాలంటే ఏం చేయాలి? పంచాయితీ పెట్టించాలా? అబ్బే, పాట పాడిస్తే చాలు! 1962లో వచ్చిన ‘ది మ్యూజిక్ మేన్’ అనే హాలీవుడ్ సినిమాలో హీరో చేసే పని అదే. రాబర్ట్ ప్రెస్టన్ వేసిన ఆ హీరో ఓ టక్కరి. పిల్లలకి బ్యాండు నేర్పిస్తానని చెప్పి ఊరివాళ్ళ దగ్గర డబ్బు గుంజడానికి దిగుతాడు. “నీ సర్టిఫికెట్లేవీ?” అంటూ స్కూలు బోర్డు సభ్యులు నలుగురూ వెంటపడతారు. ఆ నలుగురికీ ఒకరంటే ఒకరికి పడదు. మనవాడు ఒక్కొక్కరి చేత ఒక్కో స్వరం పట్టిస్తాడు. నాలుగూ కలిసేసరికి వాళ్ళ ఒళ్ళే ఝల్లుమంటుంది. ఇక సర్టిఫికెట్ల సంగతి గాలికి పోయినట్టే! మళ్ళీ గుర్తొచ్చి అడగవచ్చినప్పుడల్లా ఓ పాట అందించి, తను మెల్లగా జారుకుంటాడు.

ఆ నలుగురూ ఎవరో పాడితే పెదాలాడించిన నటులనుకునేరు! కాదు సుమా. ‘బఫెలో బిల్స్’ అనే అసలు సిసలు పాటగాళ్ళ జట్టు. 1950లో ఆ రకం పాటల పోటీలో మొదటి బహుమతి కొట్టినవాళ్ళు. 1957లో ఇదే కథ బ్రాడ్వే రంగస్థలం ఎక్కినప్పుడూ ఆ వేషాలు వాళ్ళవే.

ఇంతకీ ఆ పోటీలు పెట్టినవాళ్ళెవరు? అసలు తమాషా అక్కడుంది.

అమెరికాలో, ఓక్లహోమా రాష్ట్రంలో టల్సా అని ఓ ఊరు. ఆ ఊరివాళ్ళు ఇద్దరు (ఒకరు ఓ.సి. క్యాష్ అనే పన్నుల వకీలు, ఇంకొకరు రూపర్ట్ హాల్ అనే బ్యాంకరు) కాన్సాస్ సిటీ వెళ్ళి, వాతావరణం బాగాలేక విమానాలు ఆగిపోతే ఓ హోటల్లో చిక్కుబడిపోయారు. ఊసుపోక కబుర్లలో పడితే, ఇద్దరికీ ఒకటే పిచ్చి అని తేలింది. అదే ‘బార్బర్‌షాప్’ పాట! నలుగురు మగవాళ్ళు ఏ వాద్యమూ లేకుండా, నాలుగు గొంతులు కలిపి పాడే పద్ధతి. క్షవరం షాపుల్లో వంతు కోసం కూర్చున్నవాళ్ళు కాలక్షేపానికి గొంతు కలిపే అలవాటు నుంచి ఆ పేరొచ్చిందంటారు. రేడియోలొచ్చాక అది మూలపడింది. మనమైనా కాపాడుకుందామనుకున్నారిద్దరూ.

1938 ఏప్రిల్ 11న టల్సా క్లబ్బు డాబా మీద మొదటి సమావేశం. వచ్చింది 26 మంది. మూడో సమావేశానికి 150 మంది! కిటికీల్లోంచి పాట వినపడుతుంటే కింద రోడ్డు మీద కార్లు ఆగిపోయాయి, పోలీసులొచ్చారు, వాళ్ళ వెనకాలే పత్రికా విలేకరీ వచ్చాడు. అడిగిందే తడవుగా క్యాష్‌గారు ఓ కోత కోసేశారు: మాది దేశవ్యాప్త సంస్థ, ఫలానా ఫలానా నగరాల్లో శాఖలున్నాయని! ఆ ‘శాఖలు’ ఆ ఊళ్ళలో ఉన్న ఆయన స్నేహితులే. పాపం, సంఘమొకటి పుట్టిందనే వాళ్ళకి తెలియదు. వార్త దేశమంతా పాకింది. మేమూ చేరతామంటూ ఉత్తరాలు మొదలయ్యాయి. కోసిన కోత నిజమై కూర్చుంది!

సంఘం పేరు చూడబోతే చాంతాడంత. పొడి అక్షరాల్లో రాసినా ఎనిమిది! రూజ్వెల్ట్ ప్రభుత్వం పెట్టిన శాఖల పొడిపేర్ల మీద అదో వెక్కిరింపు. క్యాష్‌గారు తనకి తగిలించుకున్న పదవేమిటో తెలుసా? శాశ్వత తృతీయ సహాయ తాత్కాలిక ఉపాధ్యక్షుడు!

హాస్యం అలా ఉంచండి. ఆ పాటలో అంత మత్తేముంది? మన లెక్కలో చెబుతాను. షడ్జమం ఒకరు, అంతర గాంధారం ఒకరు, పంచమం ఒకరు, కైశికి నిషాదం ఒకరు పట్టి నిలబెడతారు. నాలుగూ సరిగ్గా శ్రుతిలో కుదిరితే, ఎవరూ పాడని ఐదో గొంతొకటి పైన ఖంగున మోగుతుంది. తంబూరా బాగా శ్రుతి చేస్తే ఎవరూ మీటని గాంధారం పలుకుతుందే, స్వయంభూ గాంధారం, ఆ కుటుంబంలోదే ఇదీను. ఒక్కడు గొంతు పెంచి తన గొప్ప చూపించాడో, ఐదో గొంతు మాయం!

ఇంతవరకూ చెబుతుంటే నాకూ హుషారుగానే ఉంది. ఇకమీదటిదే మింగుడుపడదు.

1941లో న్యూయార్కు పోటీలో ‘గ్రాండ్ సెంట్రల్ రెడ్ క్యాప్స్’ గెలిచారు. గ్రాండ్ సెంట్రల్ రైల్వే స్టేషన్లో సామాన్లు మోసే నలుగురు పోర్టర్లు వాళ్ళు. సెయింట్ లూయీలో జరిగే జాతీయ పోటీకి వెళ్ళాలి. సంఘం రానివ్వలేదు. ఎందుకయ్యా అంటే, వాళ్ళు నల్లవాళ్ళు! ఒళ్ళు మండి మాజీ గవర్నరు ఆల్ స్మిత్, నగర పార్కుల కమిషనరు రాబర్ట్ మోజెస్ సంఘానికి రాజీనామా ఇచ్చేశారు. అయినా ఆ గడియ 1963 దాకా తియ్యలేదు. మన ‘మ్యూజిక్ మేన్’ విడుదలైన మరుసటేడు అన్నమాట.

ఇంకో విచిత్రం వినండి. ఆ పాట పుట్టిందే నల్లవాళ్ళ వీధుల్లో అని లిన్ ఆబట్ అనే పరిశోధకుడు 1992లో సాక్ష్యాలతో సహా రాశాడు. జాజ్ చక్రవర్తి లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ చిన్నప్పుడు న్యూ ఆర్లీన్స్ వీధుల్లో పాడింది ఇలాంటి నలుగురి జట్టులోనే. ఇల్లు కట్టినవాణ్ణే గుమ్మంలో నిలబెట్టడమంటే ఇదే కదూ! 2018 నుంచి ఆడవాళ్ళకీ పూర్తి సభ్యత్వం ఇస్తున్నారు. ఆలస్యమైనా తలుపైతే తెరుచుకుంది.

నన్నడిగితే, 26 మంది 150 అయిన ముచ్చట కంటే ఆ రానివ్వని నలుగురి సంగతే గుర్తుపెట్టుకోవాలంటాను. ఆ రోజు సెయింట్ లూయీలో ఐదో గొంతు ఎంత బాగా మోగేదో ఎవరికి తెలుసు?

మీ వీధిలోనూ నలుగురు కుర్రాళ్ళు చేరి పాడుతుంటారు కదా! అయిదోవాడు వచ్చి గుమ్మంలో నిలబడితే... ముందు వాడి శ్రుతి చూడండి, మిగతావి తర్వాత. ఉంటాను మరి!