సిండ్రెల్లా మన బడికి వస్తే ఏ భాషలో మాట్లాడాలి?

పోయిన ఏడాది చలికాలంలో మా బడికి ఒక సంచార నాటక బృందం వచ్చింది. వాళ్ల పేరు ఇక్కడ అనవసరం. మాది హోసూరు వైపు తెలుగు బడి, అంతవరకు చాలు. ఒక వ్యానులో తెరలు, దీపాలు, అట్టతో చేసిన గుమ్మడికాయ బండి తెచ్చుకొన్నారు. ఆడింది సిండ్రెల్లా. మాటలన్నీ ముందే రికార్డు చేసినవి. నటులు పెదవులు కదిపితే స్పీకర్లలోంచి ఇంగ్లీషు వచ్చింది. గంటసేపు పిల్లలు కదలకుండా కూర్చున్నారు, చప్పట్లూ కొట్టారు. సవతి తల్లి తిడుతున్నప్పుడు గట్టిగా నవ్వారు. ఆమె అన్న మాట అర్థమై కాదు, ఆమె చీపురు ఊపిన తీరు చూసి. ఏడవవలసిన చోట నవ్వు వినిపిస్తే పక్కన నిలబడ్డ మాకు మనసు చివుక్కుమంది.

తప్పు ముందు మాదే. బృందం వాళ్లు ఫోనులో అడిగారు, ఇంగ్లీషు కావాలా తమిళం కావాలా అని. తెలుగులో ఉందా అని మేము అడగనే లేదు. ఇంగ్లీషయితే తల్లిదండ్రులు సంతోషిస్తారనుకొన్నాం. వాళ్లు నిజంగానే సంతోషించారు కూడా. తెలుగు బడిలో తెలుగును అడగాలని తోచకపోయింది మాకే అయితే, వచ్చిన వాళ్లను ఏమనగలం?

అసలు నాటకం ఆ తరువాతి సోమవారం జరిగింది. మధ్యాహ్నం అన్నాలయ్యాక అయిదో తరగతి పిల్లలు చింతచెట్టు కింద అదే కథ ఆడుకొంటున్నారు. సిండ్రెల్లా వాళ్ల నోట్లో ‘బూడిదక్క’ అయింది. రాజకుమారుడి భటుడు చెప్పు పట్టుకొని వచ్చి, “ఎవురిదిమా ఈ చెప్పు? బిన్నె చెప్పండి, ఎండగా ఉండాది” అంటున్నాడు. సవతి తల్లి వేషం వేసిన పిల్ల కోపం వచ్చినప్పుడల్లా తమిళంలోకి దూకుతోంది, వాళ్ల వీధిలో తగాదాలు ఆ భాషలోనే వింటుంది కాబట్టి. భటుడికి ఇంకో సందేహం వచ్చింది. ఇంట్లోకి చెప్పులు వేసుకొని పోకూడదు కదా, రాజుగారి ఇంట్లో ఆడేటప్పుడు ఆమె కాలికి చెప్పు ఎందుకుంది? బయట విడిచిన చోటే మరచిపోయిందని వాళ్లే తేల్చుకొన్నారు. మొన్న డబ్బు కట్టి చూసిన నాటకంలో ఇంత ఆలోచన ఎక్కడా కనబడలేదు.

ఈ కథ ఎవరి సొత్తూ కాదు. గాజు చెప్పు, గుమ్మడికాయ బండి, మంత్రదండం పట్టిన దేవత, ఇవన్నీ 1697లో ఫ్రాన్సులో పెరో రాసిన కథలోవి. 1812లో జర్మనీలో గ్రిమ్ సోదరులు అచ్చు వేసిన కథలో ఆ దేవత లేదు, తల్లి సమాధి మీద మొలిచిన చెట్టే పిల్లను ఆదుకొంటుంది. ఇంత దూరం పోనక్కరలేదు. మనకు పొరుగునే, కన్నడంలో, ‘హంచి’ కథ ఉంది. ఎ.కె. రామానుజన్ దానిని కన్నడ సిండ్రెల్లా అని పరిచయం చేశారు. హంచు అంటే మన పెంకు. మట్టి ముసుగు వెనక ముఖం దాచుకొన్న ఆ పిల్లకు గాజు చెప్పుతో పని లేదు, ఆమె చేతి వంట ఉంది. ఏ దేశానికి పోతే ఆ దేశపు తిండీ తీరూ కట్టుకొని బతికిన కథ ఇది. తెలుగు పిల్లల ముందు మాత్రం అది ఇంగ్లీషులోనే ఎందుకు మాట్లాడాలి?

కొందరు తల్లిదండ్రుల మాట మాకు తెలుసు. తెలుగు ఇంట్లో ఉండనే ఉంది, బడిలో ఇంగ్లీషు చెవిన పడనీయండి అంటారు. కాదనలేం. అయితే ఇంట్లో ఉన్న తెలుగు ఎంత? తినమని, పొమ్మని, చదవమని చెప్పేదాకానే. అలకకు, భయానికి, ఎగతాళికి, రాజుగారి గొప్పలకు మాటలు కథలోనే దొరుకుతాయి. ఆ కథలు చెప్పే అవ్వలు ఇప్పుడు సీరియళ్ల ముందు కూర్చొన్నారు. తమిళనాడులో 2006 నాటి చట్టంతో తమిళం ఒకటో తరగతి నుంచి దశలవారీగా తప్పనిసరి పాఠమయింది. తమిళం నేర్వడం మీద మాకు పేచీ లేదు, ఈ నేల మీద పుట్టినవాళ్లం. కాని పుస్తకంలో తెలుగుకు చోటు ఇరుకైనప్పుడు పుస్తకం బయట దానికి చోటు వెతకవలసింది మనమే. రాజ్యాంగంలోని 350ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతి కల్పించమంటుంది. నాటకం ఆడించమని అందులో లేదు, ఎవరూ జీవో ఇవ్వరు.

తెలుగుకు తిరుగుడు నాటకం కొత్త కాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి కుటుంబాలు తెరలు, పెట్టెలు, చంటిపిల్లలతో సహా ఊరూరా తిరిగి బతికాయి. కన్నడంలో హెగ్గోడు నీనాసం వారి ‘తిరుగాట’ 1985 నుంచి నాటకాలను ఊళ్లకు మోసుకుపోతోంది. సరిహద్దు దాటి తెలుగు బళ్లున్న చోటికి, బళ్లారికో బరంపురానికో షోలాపూరుకో, పిల్లల నాటకం ఒకటి తిరిగితే ఎంత బాగుంటుంది! ఒక్క బడికి ఖర్చు భారమే. దగ్గరదగ్గర నాలుగు బళ్లు ఒకే వారంలో పిలిస్తే వ్యాను కిరాయి పంచుకోవచ్చు.

తెలుగులో ఆడితే చాలు అని కూడా మేము అనం. రేడియో వార్తల తెలుగు రికార్డు చేసి వినిపిస్తే మా పిల్లలకు అదీ స్పీకరు భాషే. గొంతు ఎదురుగా ఉన్న మనిషిది కావాలి, పిల్లవాడు అడ్డు ప్రశ్న వేస్తే ఆగి జవాబు చెప్పగలగాలి. ‘ఉండాది’ అన్న పిల్లను ‘ఉంది’ అనమని దిద్దే అలవాటు మా ఉపాధ్యాయులం కనీసం ఆ గంటసేపయినా మానుకోవాలి. మాలో ఒకరు చెట్టు కింద కూడా దిద్దబోయారు. భటుడు వెంటనే ఆట ఆపేశాడు.

ఆ బృందం ఈ ఏడాది మళ్లీ ఫోను చేసింది, కొత్త నాటకం ఉందట. ప్రతి ముందుగా పంపండి, తెలుగు మాటలు మేమూ పిల్లలమూ కలిసి రాసిస్తాం, రికార్డు వద్దు, మీరే పలకండి అని అడిగాం. పలకడం రాదే అన్నారు. రెండు రోజులు ముందుగా రండి, అయిదో తరగతి వాళ్లు నేర్పుతారు అని చెప్పాం. ఆలోచించి చెబుతామన్నారు.