పరగడుపున నడక: ఎవరికి మేలు, ఎవరికి కీడు



తెల్లవారుజామున లేచి నడవండి అని చెప్పేవారిలో నేనూ ఒకణ్ణి. మా పల్నాడులో మార్చి దాటిందంటే ఎనిమిదింటికే ఎండ మాడుస్తుంది. నడవాలనుకునేవాడికి వేకువే దారి. అయితే ఈ మధ్య ఆ మంచి మాటకు ఒక తోక తగిలింది. “పరగడుపునే నడవాలి, కడుపులో ఏదైనా పడితే ఆ నడక వృథా” అని. వాట్సాప్‌లో వస్తోంది, యూట్యూబులో వస్తోంది, చివరికి ఆరాధన అయ్యాక చెట్టు కింద మాటల్లోకీ వచ్చేసింది. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. వేకువ నడక మేలు. పరగడుపు అన్నది ఆ మేలులో భాగం కాదు. కొందరికైతే అది ప్రాణం మీదికి తెస్తుంది.

ఈ మాట ఎక్కడ నుంచి పుట్టిందో చూడండి. రాత్రి ఎనిమిదింటికి తిని ఉదయం ఐదింటికి లేస్తే తొమ్మిది గంటలు ఏమీ తినలేదన్నమాట. ఆ తొమ్మిది గంటలూ కాలేయం తనలో దాచుకున్న చక్కెరను కొంచెం కొంచెంగా రక్తంలోకి వదులుతూ ఉంటుంది. తెల్లారేసరికి నిల్వ తగ్గుతుంది. అప్పుడు నడిస్తే శరీరం కొవ్వును కాస్త ఎక్కువగా వాడుకుంటుంది. ఇంతవరకు నిజమే. కానీ నడిచిన ఆ గంటలో కరిగింది వేరు, నెల తిరిగేసరికి ఒంట్లోంచి తగ్గింది వేరు. 2014లో అమెరికాలో బ్రాడ్ షోన్‌ఫెల్డ్ అనే పరిశోధకుడి బృందం 20 మంది యువతులతో నాలుగు వారాలు పరీక్ష చేసింది. సగం మంది పరగడుపున, సగం మంది తిన్నాక, వారానికి మూడు రోజులు గంటసేపు వ్యాయామం చేశారు. ఇద్దరికీ తిండి కొలత ప్రకారమే. రెండు గుంపులూ బరువు తగ్గాయి, కానీ ఒకరికి ఎక్కువ ఒకరికి తక్కువ అని తేడా కనబడలేదు. చిన్న పరీక్షే, ఒప్పుకుంటాను. అయినా వాట్సాప్ కంటే నయం కదా!

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. షుగరు ఉన్నవాళ్లందరూ ఒకే మాత్ర వేసుకోరు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకునేవారికి చక్కెర మరీ పడిపోవడం అరుదు. కానీ గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ సూదులు అలా కాదు. మీరు తిన్నా తినకపోయినా అవి తమ పని తాము చేస్తాయి. మనవాళ్లు చేసేదేమిటి? “టిఫినుకు ముందు వేసుకో” అని డాక్టరు చెప్పిన మాత్రను ఐదింటికి వేసుకుని, గంటసేపు నడిచి, స్నానం చేసి, ప్రార్థన ముగించి, ఎనిమిదింటికి టిఫినుకు కూర్చుంటారు. మాత్ర లాగుతుంది, నడక లాగుతుంది, పైనుంచి వచ్చేది మాత్రం ఏమీ లేదు.

మా పక్క ఊళ్లో ఒక పెద్దాయన ఇలాగే కాలువ గట్టు మీద కూలబడిపోయాడు. ముచ్చెమటలు, చేతుల్లో వణుకు, మాట తడబాటు. దారినపోయే కుర్రాళ్లు తాగి పడ్డాడనుకున్నారు. జీవితంలో చుక్క ముట్టని మనిషి! పాలు పోయడానికి వెళ్తున్న ఒకామె ఆగి చూసి, పక్క ఇంట్లోంచి పంచదార నీళ్లు తెచ్చి తాగించింది. పది నిమిషాల్లో తేరుకుని, తన పేరు తాను చెప్పుకున్నాడు.

ఆ కబురు విన్నప్పుడు నాకు మొదటి సమూయేలు పద్నాలుగో అధ్యాయం గుర్తొచ్చింది. ఫిలిష్తీయులతో యుద్ధం జరుగుతున్న రోజు. సాయంత్రం వరకు ఎవరూ ఏమీ తినకూడదని సౌలు రాజు జనానికి ఒట్టు పెట్టించాడు. దేవుడు అడిగిన ఉపవాసం కాదది, రాజు పట్టుదల. జనం సొమ్మసిల్లిపోయారు. ఆ ఒట్టు సంగతి వినని యోనాతాను అడవిలో తేనెపట్టు చూసి, చేతికర్ర కొన ముంచి నోట్లో పెట్టుకున్నాడు. వెంటనే అతని కళ్లకు వెలుగొచ్చిందని వాక్యం చెబుతుంది. చక్కెర పడిపోయిన మనిషిని ఎప్పుడైనా దగ్గర నుంచి చూసినవారికి ఆ మాట ఎంత నిజమో తెలుస్తుంది.

ఆ అధ్యాయం అంతటితో ఆగదు. సాయంత్రం అయ్యేసరికి అదే జనం దోపుడు సొమ్ము మీద పడి, పశువులను నేల మీదే వధించి, రక్తం కూడా చూడకుండా తినేశారు. మా బస్టాండు దగ్గర టిఫిను బండి కాడ ఉదయం ఏడింటికి నిలబడితే ఇది మళ్లీ కనిపిస్తుంది. నాలుగు కిలోమీటర్లు పరగడుపున నడిచి వచ్చిన పెద్దమనుషులు ఒక ప్లేటు పూరీ, దాని మీద మైసూరు బజ్జీ, చివర రెండు చెంచాల చక్కెర వేసిన టీ. కరిగించిన కొవ్వు లెక్క అక్కడే సరి!

ఈ ఆజ్ఞ వల్ల నొచ్చుకునేవారు ఇంకొందరున్నారు. ఒక స్త్రీల కూడికలో ఆరోగ్యం గురించి చెప్పడానికి పట్నం నుంచి వచ్చిన ఒకామె “రోజూ ఉదయం పరగడుపున 45 నిమిషాలు శ్రమ చేయాలి” అన్నారు. వెనక వరుసలోంచి ఒక అక్క నవ్వి, “మేము చేసేది అదేగా అయ్యగారూ” అని నా వంక చూసింది. మిరపకోతల రోజుల్లో ఆ అక్క నాలుగింటికి లేచి, వాకిలి ఊడ్చి, వండి, అందరికీ క్యారేజీలు కట్టి ఆరింటికి ఆటో ఎక్కుతుంది. చేనులో తొమ్మిదింటికి మూత తీసేవరకు కడుపులో టీ నీళ్లే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సగం మందికి పైగా రక్తహీనత ఉంది. ఇలాంటివారికి చెప్పవలసింది ఆటో ఎక్కే ముందు నాలుగు ముద్దల సద్దన్నం తినమని. ఆ నాలుగు ముద్దలు ఆమె పళ్లెంలో ఉండేలా ఇంట్లో మగవాళ్లు చూడాలి.

పౌలు తిమోతికి రాస్తూ శరీర సాధకము కొంచెమే ప్రయోజనకరమన్నాడు కాబట్టి మనకీ గొడవలెందుకు అనేవారూ ఉన్నారు. అయ్యా, ఆ కొంచెం కూడా ప్రయోజనమే. ఆ పౌలే త్రోయలో తెల్లవార్లూ మాట్లాడి, తనవాళ్లను ఓడ ఎక్కించి, తాను మాత్రం అస్సు వరకు నేల దారిన వెళ్లాడు. బయలుదేరే ముందు రొట్టె విరిచి తిన్నాడని అపొస్తలుల కార్యములు ఇరవయ్యో అధ్యాయంలో ఉంది.

సరే, ఏం చేయాలి? ఆరోగ్యంగా ఉండి, అలాంటి మందులేవీ వాడనివారు అరగంట పరగడుపున నడిస్తే నష్టమేమీ లేదు, గ్లాసుడు నీళ్లు తాగి వెళ్లండి. పైన చెప్పిన మాత్రలో ఇన్సులినో వాడేవారు మాత్రం ముందు డాక్టరును ఒక ప్రశ్న అడగండి: “మాత్ర నడక ముందా, తర్వాతా?” ఇంట్లో మీటరు ఉంటే చూసుకోండి. 90 కంటే తక్కువ చూపితే ఒక చిన్న అరటిపండైనా తినకుండా గడప దాటకండి. జేబులో పంచదార పొట్లం ఉంచుకోండి. చెమట, వణుకు, కళ్లు తిరగడం మొదలైతే మూడు టీ చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, పదిహేను నిమిషాలు కూర్చోండి. తగ్గకపోతే మళ్లీ తాగండి. స్పృహ తప్పినవారి నోట్లో ఏమీ పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి. బీపీకి అటెనొలాల్ లాంటి మందు వాడేవారికి గుండె దడ, వణుకు సరిగా తెలియకపోవచ్చు. వారు చెమటను గుర్తుగా పెట్టుకోవాలి.

వేకువ కుదరనివారు బాధపడనక్కర్లేదు. తిన్న తర్వాత పావుగంట నడిచినా రక్తంలో చక్కెర బాగా అదుపులోకి వస్తుంది. అరవై దాటినవారిలో, మరీ ముఖ్యంగా రాత్రి భోజనం తర్వాత, ఇది మేలు చేసిందని 2013లో వచ్చిన ఒక పరిశోధన చూపింది. మన పెద్దలు రాత్రి అన్నం తిన్నాక వీధి చివరిదాకా వెళ్లి వచ్చేవారు, గుర్తుందా?

శుక్రవారం ఉపవాస ప్రార్థనకు వచ్చే షుగరు వారికి ఇంకో మాట. ఆ రోజు నడక మానేయండి. మందు సంగతి ముందు రోజే డాక్టరుతో మాట్లాడుకోండి. మందిరంలో బల్ల సొరుగులో పంచదార డబ్బా పెట్టించాను. అవసరమైతే ఎవరినీ అడగకుండా తీసుకోండి, ప్రార్థన మధ్యలో అయినా సరే.