చేతిలో ఫోనుంటే ఇంట్లో ఇంటర్నెట్టు ఉన్నట్టేనా?

మన ఐటీ జనం దగ్గర ఈ మాటెత్తితే చాలు, ఠక్కున ఒక జవాబొస్తుంది. "ఇంకా ఇంటర్నెట్టు లేనివాళ్ళెక్కడున్నారు బాబూ? మా ఊళ్ళో పాలబ్బాయి కూడా రీల్స్ చూస్తున్నాడు. టీ కన్నా డేటానే చవక!" 2016 సెప్టెంబరులో జియో వచ్చిన దగ్గర్నుంచీ వింటున్నా ఈ డైలాగు. భోజనాల దగ్గర విన్నాను, వాట్సాప్ గ్రూపుల్లో విన్నాను. వినీ వినీ విసుగొచ్చి రాస్తున్న టపా ఇది. కాస్త ఘాటుగా ఉంటుంది. గుంటూరు వాణ్ణి కదా, సర్దుకోండి :)

ముందు లెక్కలు చూద్దాం. ట్రాయ్ ప్రకారం 2025 మార్చి నాటికి దేశంలో బ్రాడ్‌బ్యాండ్ చందాదారులు దాదాపు 94 కోట్లు. ఆహా అనిపిస్తుంది. అందులో ఇంటికి వైరు లాగించుకున్న కనెక్షన్లు మాత్రం 4 కోట్ల చిల్లరే! మిగతాదంతా దాదాపుగా ఫోన్లో సిమ్ము. రోజుకు ఒకటిన్నర జీబీ అయిపోగానే ఆ సిమ్ము స్పీడు 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. 2004 బ్రాడ్‌బ్యాండ్ విధానంలోనే 256 కేబీపీఎస్ ఉంటే గానీ బ్రాడ్‌బ్యాండ్ అనకూడదన్నారు. 2023లో దాన్ని 2 ఎంబీపీఎస్ చేశారు. అంటే సాయంత్రం ఆరు దాటాక ఈ చందాదారుల్లో చాలామంది 2004 నాటి నిర్వచనానికి కూడా పనికిరారు. లెక్కల్లో మాత్రం ఉంటారు.

దీని ఫలితం ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చెప్తాను. 2021లో నా జూనియర్ ఒకడు ఒక కంపెనీ పరీక్ష ఇంటి నుంచి రాశాడు. కెమెరా ఆన్‌లో ఉండాలి, మూడు గంటలు. పొద్దున కాలేజీ ఆన్‌లైన్ క్లాసులకే సగం డేటా అయిపోయింది. కోడింగ్ సెక్షన్లోకి వచ్చేసరికి కోటా ఖాళీ. స్క్రీను బిగుసుకుపోయింది, పరీక్ష దానంతటదే సబ్మిట్ అయిపోయింది. కంపెనీ వాళ్ళకి మెయిల్ పెడితే "నిబంధనల ప్రకారం రెండో అవకాశం లేదు" అని జవాబు. వాడికి కోడింగ్ రాక కాదు పోయింది. వాడి ఇంట్లో రూటరు లేక పోయింది.

"అయితే కనెక్షన్ పెట్టించుకోవచ్చుగా, నెలకి నాలుగొందలేగా?" అంటారు కదూ. సరే, లెక్క వేద్దాం. గుంటూరులో ఒక ఇల్లు అనుకోండి. నాన్న మిర్చి యార్డులో హమాలీ, అమ్మ కోల్డ్ స్టోరేజీ దగ్గర కాయల తొడిమలు తీస్తుంది, కొడుకో కూతురో బీటెక్కు. మూడు ఫోన్లు. 2024 జూలైలో ప్రైవేటు కంపెనీలన్నీ రేట్లు పెంచాక ఒకటిన్నర జీబీ ప్లాను 28 రోజులకి ఎంత లేదన్నా 300. ఏడాదికి 13 సార్లు. మూడు ఫోన్లకి 11,700.

ఇప్పుడు ఇంకో దారి. 400 ప్లాను ఫైబరు, 18 శాతం జీఎస్టీతో 472, ఏడాదికి 5,664. ఫోన్లకి ఉత్త మాటల ప్లాను వేసుకుంటే (ట్రాయ్ గట్టిగా చెప్పాక 2025 జనవరిలో వచ్చాయివి) 84 రోజులకి 450 నుంచి 470, అంటే ఒక్కో ఫోనుకి ఏడాదికి సుమారు 2 వేలు, మూడింటికీ 6 వేలు. మొత్తం కలిపితే మళ్ళీ అదే 11,700 దగ్గరకొస్తుంది! అదే డబ్బుకి ఇల్లంతా నెట్టు. బయటికెళ్తే డేటా ఉండదు నిజమే, కానీ పిల్ల చదువు మధ్యలో ఆగదు.

మరెందుకు పెట్టించుకోరు? తెలివిలేకా? కాదండీ. ఇదిగో కారణాలు:

1. కూలి డబ్బు ముక్కలు ముక్కలుగా వస్తుంది. కొత్త కాయ యార్డుకి వచ్చే నెలల్లో చేతిలో డబ్బాడుతుంది, వేసవిలో యార్డుకి సెలవులిస్తే ఆడదు. ఫోను రీఛార్జి అయితే డబ్బున్నప్పుడు వేసుకోవచ్చు, లేనప్పుడు వారం ఆగచ్చు. ఫైబరుకి చాలాచోట్ల ఆర్నెల్లది ముందే కట్టమంటారు. మూడు వేలు ఒక్కసారి తియ్యడం మనకి ఒక వీకెండు ఖర్చు, వాళ్ళకి ఒక అప్పు.

2. అద్దె ఇల్లు. గోడకి చిల్లు పెట్టాలంటే ఓనరు ఒప్పుకోవాలి. పొదిలి, కనిగిరి వైపు నుంచి పని కోసం వచ్చినవాళ్ళకి ఆధార్‌లో సొంతూరి అడ్రసే ఉంటుంది. ఏడాదికోసారి ఇల్లు మారితే కనెక్షనూ మారాలి.

3. వైరు ఆ సందులోకి రాదు. 2020 లాక్‌డౌన్‌లో మా ఇంటి నుంచి పని చెయ్యాల్సొచ్చి పాతగుంటూరులో కనెక్షన్ కోసం ఒక పెద్ద కంపెనీకి ఫోన్ చేశాను. పేరెందుకు లెండి. "ఫీజిబిలిటీ లేదు సార్" అన్నారు. రెండొందల మీటర్ల అవతల మెయిన్ రోడ్డు మీద అపార్ట్‌మెంట్లకి ఉంది. ఒక్క స్తంభానికి ఇరవై కనెక్షన్లు దొరికే చోటికే వైరు వెళ్తుంది. మా సందులో అడిగేవాళ్ళు లేరనుకున్నారు. ఎవరూ వచ్చి అడిగిందీ లేదు.

ఇదంతా ప్రభుత్వాలకి తెలియదా అంటే, బ్రహ్మాండంగా తెలుసు. ఏపీ ఫైబర్‌నెట్ పుట్టిందే అందుకు. కరెంటు స్తంభాల మీదుగా ఫైబరు లాగి, ఇంటర్నెట్టు, టీవీ, ఫోను కలిపి నెలకి 149 రూపాయలకే ఇస్తామన్నారు. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. ఇంజనీర్‌గా చెప్తున్నా, ఆలోచన మెచ్చుకోదగ్గది. రోడ్లు తవ్వే పని లేదు, స్తంభం ఎలాగూ ప్రతి సందులో ఉంది. తరవాతేమైంది? 2021లో టెండర్ల మీద సీఐడీ కేసు, ఆరోపణలు, ప్రత్యారోపణలు. ఎవరిది ఒప్పు అన్నది నా గొడవ కాదు. ఏ పార్టీ వచ్చినా మాట్లాడింది కేబులు గురించే. ఏ వార్డులో, ఏ సందులో, ఎన్ని ఇళ్ళకి అందింది అన్న పట్టిక జనం ముందు పెట్టాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

2020లో బడులు మూసేస్తే పదో తరగతి పాఠాలు దూరదర్శన్ సప్తగిరిలో చెప్పించారు. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకీ టీచర్లకీ 5 లక్షల పైచిలుకు ట్యాబులిచ్చారు. వాటిలో పాఠాలు ముందే ఎక్కించి, నెట్టు లేకుండా నడిచేట్టు ఇచ్చారు. ఇళ్ళల్లో నెట్టు లేదని ఒప్పుకోవడం కాదూ ఇది?

అదే సమయంలో పనులన్నీ ఆన్‌లైన్లోకి తోసేస్తున్నారు. 2025 జనవరి 30న 'మన మిత్ర' పేరుతో 161 సేవలు వాట్సాప్‌లో పెట్టారు. మంచిదే. 2025 పత్తి సీజనుకి సీసీఐ 'కపాస్ కిసాన్' యాప్ తెచ్చింది. పొడుగు పింజ పత్తికి క్వింటాలు 8,110 మద్దతు ధర కావాలంటే ముందు యాప్‌లో నమోదు, ఆ తరవాత స్లాటు. ఇక ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు సరేసరి. ఇంట్లో నెట్టూ కంప్యూటరూ లేనివాడు ఏం చేస్తాడు? నెట్ సెంటరుకి పోయి పాస్‌వర్డూ ఓటీపీ అన్నీ అవతలివాడి చేతిలో పెడతాడు. నాలుగేళ్ళ చదువు ఏ కాలేజీలో అన్నది వాడు నొక్కే బటను మీద ఆధారపడుతుంది. మనం ఆఫీసులో పాస్‌వర్డు ఎవరికీ చెప్పకూడదని ఏటా ట్రైనింగు తీసుకుంటాం!

ఇంకో సంగతి. "ఇంట్లో ఒక ఫోనుంది" అంటే ఆ ఫోను ఎవరి జేబులో ఉన్నట్టు? 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో ఎప్పుడైనా ఇంటర్నెట్టు వాడామన్న మగవాళ్ళు దాదాపు 49 శాతం, ఆడవాళ్ళు 21 శాతం. పట్టణాల్లో కూడా ఆడవాళ్ళు మూడో వంతే. సిమ్ము మనిషితో పాటు బయటికెళ్ళిపోతుంది. రూటరు ఇంట్లోనే ఉంటుంది. తేడా అక్కడుంది.

ఏం చెయ్యాలంటారా? కొత్తగా కనిపెట్టక్కర్లేదు. మన ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు పోతోంది. ఇంట్లో పుస్తకం లేనివాడి కోసం 1918లోనే వేటపాలెంలో సారస్వత నికేతనం పెట్టుకున్న నేల ఇది. ఆ సెస్సుతో ప్రతి శాఖా గ్రంథాలయంలో రాత్రి పది దాకా వైఫై, నాలుగు కంప్యూటర్లు, ఒక ప్రింటరు పెట్టలేమా? పీఎం-వాణి అని 2020 డిసెంబరులో కేంద్రం ఆమోదించిన పథకం ఉంది. లైసెన్సు లేకుండా కిరాణా కొట్టువాడు కూడా వైఫై అమ్మచ్చు. మిర్చి యార్డు చుట్టుపక్కల కాలనీల్లో పదిచోట్ల అది నడిపించడం ఎంతసేపు?

ఇక మన వంతు. ఆ ఫారాలు రాసేది మనమే కదా. మూడు నిమిషాలకి సెషన్ ఎగరగొట్టేది మనం. నింపింది సేవ్ చెయ్యకుండా, నెట్టు పోతే మొదటికి తెచ్చేది మనం. లోగో కోసం నాలుగు ఎంబీ బొమ్మ పెట్టేది మనం. ఆఫీసు ఫైబరు మీద టెస్టు చేసి "నా దగ్గర బానే పనిచేస్తోందే" అనేదీ మనమే.

ఒప్పుకోని మిత్రులకి ఒక సవాలు. ఈసారి పండక్కి ఊరెళ్ళినప్పుడు ఇంట్లో వైఫై ఆపెయ్యండి. రోజుకు ఒకటిన్నర జీబీ ఉన్న ఒక్క ఫోను ఇంటిల్లిపాదికీ ఇచ్చి, సాయంత్రం ఏడింటికి ఏదో ఒక ప్రభుత్వ ఫారం మొదలుపెట్టి పూర్తి చెయ్యండి. ఆ తరవాత కూడా టీ కన్నా డేటా చవక అనిపిస్తే అప్పుడు మాట్లాడుకుందాం. టీ ఖర్చు నాది.